రెండున్నర కిలోలు కూడా లేని పామ్ (పామరేనియన్) కుక్కకి రిమోట్ కాలర్ పెట్టొచ్చా? పెడితే ఎలా?

ముత్యం వాళ్లమ్మ, లాసన్స్ బే కాలనీ

అందరికీ నమస్కారం. మా ముత్యం తెల్ల పామరేనియన్, ఆడది, మూడేళ్ల వయసు. బరువు 2.4 కిలోలు. పోయిన వారం టీకాకి తీసుకెళ్లినప్పుడు డాక్టర్ గారే తూచారు. తిండి, స్నానం, నిద్ర అన్నీ బుద్ధిగానే ఉంటాయి. రెండు విషయాల్లో మాత్రం నాకు మనశ్శాంతి లేదు.

మొదటిది బీచ్. ఎండెక్కక ముందే జోడుగుళ్లపాలెం వైపు నడిపిస్తాను. అక్కడ పడవల దగ్గర వీధి కుక్కలు గుంపుగా ఉంటాయి. ముత్యం వాటిని చూసిందంటే ఆగదు, మొరుగుకుంటూ వాటి మీదికే పరిగెడుతుంది. ఒక్కొక్కటీ దీనికి ఆరేడింతలుంటుంది. ఈమధ్య మెడ బెల్టులోంచి తల వెనక్కి లాక్కుని జారిపోయింది కూడా. గొంతు చించుకుని పిలిచినా తిరిగి చూడలేదు. పక్కనే రోడ్డు, బండ్లు. ఎవరో పిల్లాడు అడ్డం పడి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

రెండోది లిఫ్టు. మాది మూడో అంతస్తు, లిఫ్టు మా గుమ్మానికి ఎదురుగానే. అది ఆగిన చప్పుడు వినబడితే చాలు, అరుపులు. ఎదురింటి పెద్దాయనకి ఈమధ్యే గుండె ఆపరేషన్ అయింది. వాళ్లు మంచివాళ్లు, ఇంకా మెల్లగానే చెబుతున్నారు. కానీ ఎన్నాళ్లని ఓర్చుకుంటారు?

మా అన్నయ్య డాలస్ నుంచి వస్తూ రిమోట్ కాలర్ ఒకటి తెచ్చాడు. రిమోట్ మన చేతిలో ఉంటుంది, రిసీవర్ కుక్క మెడకి. బీప్, వైబ్రేషన్, షాక్ మూడూ ఉన్నాయి. షాక్‌కి 1 నుంచి 100 దాకా లెవెల్స్. మెడకి తగిలేలా రెండు పిన్నులు, ఒత్తు జుట్టు కుక్కలకని ఇంకో పొడుగు పిన్నుల జత కూడా ఇచ్చారు. పెట్టె మీద 8 పౌండ్లు, ఆ పైన ఉన్న కుక్కలకి అని రాసి ఉంది. అంటే 3.6 కిలోలు. మా వాడేమో "లెవెల్ 1, 2లో పెడితే దోమ కుట్టినంత కూడా ఉండదు, భయపడకు" అంటున్నాడు. నేను ఇంతవరకూ పెట్టలేదు. వంటింటి త్రాసులో తూచి చూశాను, బెల్టుతో కలిపి 92 గ్రాములుంది.

ఇంత చిన్న కుక్కకి ఇది క్షేమంగా వాడే పద్ధతి ఏదైనా ఉందా? బెల్టు ఎంత బిగించాలి, ఏ పిన్నులు వాడాలి, ఎంతసేపు ఉంచొచ్చు? వాడినవాళ్లు, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. దాని ప్రాణం కోసమే అడుగుతున్నాను.

మధురవాడ బీగిల్

నమస్తే అండీ. మా దగ్గర 12 కిలోల బీగిల్ ఉంది. ఇల్లు మధురవాడలో, కంబాలకొండ అడవి వైపు. ముక్కు నేలకి పెట్టిందంటే లోకం తెలియదు వాడికి. పాములు తిరిగే చోటు కాబట్టి ఒక ట్రైనర్ దగ్గర కూర్చుని నేర్చుకుని మరీ రిమోట్ కాలర్ వాడాను. అందుకే దీన్ని ఊరికే తిట్టను. కానీ మీ ముత్యానికి మాత్రం నేనైతే పెట్టను. పెట్టె మీద ఆ 8 పౌండ్ల మాట తయారుచేసినవాళ్లే రాశారు. అమ్ముకోవాల్సినవాళ్లే వద్దన్న చోట మనం ముందుకెళ్లకూడదు.

నాలుగు, అయిదు కిలోల కుక్కలున్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. ముందుగా, కాలర్ కుక్కకి ఏమీ నేర్పదు. "రా" అంటే రావాలని పొడుగు తాడు మీద, తిండి ముక్కతో ముందే వచ్చేసి ఉండాలి. వచ్చిన పాఠాన్ని దూరంలో గుర్తు చేయడానికి మాత్రమే ఇది. పాఠమే రాని కుక్కకి నొక్కితే దానికి అర్థమయ్యేది ఒక్కటే, ఎక్కడి నుంచో నొప్పి వచ్చింది అని.

లెవెల్ సంగతి. వేరే కంపెనీ కాలర్ వాడినవాళ్లు "నేను 10లో పెట్టాను" అంటే ఆ మాట మీకు పనికిరాదు. ఒకదాని 10 ఇంకోదాని 10 కాదు, ఆ అంకెలకి ఉమ్మడి కొలత లేదు. ఇంట్లో కుక్క నింపాదిగా ఉన్నప్పుడు సున్నా నుంచి ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవాలి. చెవి కదిపినా, ఈగ వాలినట్టు మెడ తిప్పినా అక్కడ ఆగిపోవాలి. కుయ్యిమన్నా, తల విదిల్చినా, తోక ముడిచినా ఎక్కువైపోయినట్టే. తడిసిన మెడ మీద అదే లెవెల్ ఇంకా గట్టిగా తగులుతుంది, సముద్రంలో తడిసొచ్చిన కుక్కకి అసలు వాడకూడదు. చౌకరకాల్లో ఇంకో ప్రమాదం ఉంది. కొన్నిట్లో 1 నుంచి 4 దాకా ఏమీ ఉండదు, 5లో ఒక్కసారిగా తగులుతుంది. పెద్ద కుక్క తట్టుకుంటుంది. చిన్నదానికి ఆ ఒక్క గెంతే చాలు.

బెల్టు వదులుగా ఉంటే మంచిదనుకుంటారు, అదీ తప్పే. వదులైతే పిన్ను ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. పని చేయట్లేదనుకుని లెవెల్ పెంచుతాం, అప్పుడు సరిగ్గా తగులుతుంది. చిన్న కుక్కకి బెల్టుకీ మెడకీ మధ్య ఒక వేలు దూరాలి. పిన్నులు మెడ పక్కన ఉండాలి, గొంతు గొట్టం మీద కాదు. గంటకో రెండు గంటలకో చోటు మార్చాలి, రాత్రి తీసేయాలి. పగ్గం దానికి తగిలించకూడదు, లాగితే పిన్నులు లోపలికి గుచ్చుకుంటాయి. రిమోట్ పిల్లల చేతికి అందనివ్వకండి. ఆరు నెలల లోపు కూనలకి, కడుపుతో ఉన్నదానికి, భయంతో కరిచేదానికి ఏ బరువులోనూ వద్దు.

సీతమ్మధార గ్రూమర్

ముత్యం అమ్మగారూ, మీరు పెట్టకముందే అడిగారు, అందుకే ఈ రాత్రి షాపు కట్టేశాక కూర్చుని రాస్తున్నాను. నాది సీతమ్మధారలో కుక్కల గ్రూమింగ్ షాపు. నా బల్ల మీదికి వచ్చిన ప్రతి కుక్కనీ ముందు తూచి, తర్వాత మెడ నుంచి తోక దాకా జుట్టు పాయలు తీసి చర్మం చూస్తాను. కాబట్టి కాలర్ గురించి ట్రైనర్లు చూడనిది నేను చూస్తాను, అది జుట్టు కింద ఏం చేస్తుందో.

డ్రయ్యర్ గాలికి మెడ జుట్టు విచ్చుకున్నప్పుడు దవడ కింద రెండు ఎర్ర చుక్కలు కనబడతాయి. వాటి మధ్య దూరం సరిగ్గా పిన్నుల మధ్య ఉన్నంతే. కొన్నిసార్లు చుక్క లోతుగా, తడిగా, వాసన వస్తూ ఉంటుంది. "షాక్ కొట్టి కాలిందా?" అని కంగారుగా అడుగుతారు. కాల్చింది కరెంటు కాదు. పిన్ను గంటల తరబడి ఒకేచోట నొక్కి ఉండటంతో అక్కడికి రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది, మంచానపడ్డవాళ్లకి వీపు మీద పుండ్లు పడే తీరే. అంటే బటన్ ఒక్కసారి కూడా నొక్కకపోయినా ఈ పుండు పడుతుంది. మన వైజాగ్ గాలిలో తేమ సంగతి మీకు చెప్పాలా? పామ్‌కి పైన పొడుగు జుట్టు, కింద దూది లాంటి లోజుట్టు. బీచ్ నుంచి వచ్చాక ఆ లోజుట్టు ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఉప్పు, ఇసుక, చెమ్మ, దాని మీద బిగుతు బెల్టు. పుండు పడటానికి ఇంతకంటే అనువు అక్కర్లేదు.

పొడుగు పిన్నుల గురించి అడిగారు. ఒత్తు జుట్టు కుక్కలకని ఇస్తారు నిజమే, కానీ ఆ ఒత్తు జుట్టు కుక్క అంటే వాళ్ల లెక్కలో హస్కీ, జర్మన్ షెపర్డ్. మెడ కండ ఉన్నవి. ముత్యం మెడ చుట్టుకొలత కొలిచి చూడండి, జుట్టు నొక్కి పట్టి. బహుశా 20 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అంత సన్నని మెడ మీద రెండు పిన్నులూ ఒకే పక్కన చదునుగా కూర్చోవు. ఒకటి పక్కన ఆనితే రెండోది గొంతు గొట్టం మీదికి జారుతుంది. రిసీవర్ బరువుకి మొత్తం బెల్టే తిరిగి కిందికి వచ్చేస్తుంది. అప్పుడు రెండూ గొట్టం మీదే.

ఆ బరువు కూడా చూడండి. 92 గ్రాములంటే మనకి ఒక సబ్బు బిళ్ల. 2.4 కిలోల ముత్యం ఒంట్లో అది నూటికి దాదాపు నాలుగు వంతులు. అరవై కిలోల మనిషి మెడకి రెండు కిలోల పైన వేలాడదీసినట్టు. 28 కిలోల ల్యాబ్‌కి అదే రిసీవర్ లెక్కలోకే రాదు. లెవెల్ 1లో పెట్టినా బరువు తగ్గదు, పిన్ను పొట్టిదవదు. అందుకే మీ అన్నయ్య గారి మాట ప్రేమతో అన్నదే అయినా ఈ సమస్యకి సమాధానం కాదు.

ఇంకొకటి బతిమాలి చెబుతున్నాను. పిన్నులు చర్మానికి తగలట్లేదని కొందరు మెడ జుట్టు మెషిన్‌తో గీయించమంటారు. పామ్‌కి ఆ పని చేయొద్దు. రెండు పొరల జుట్టున్న జాతుల్లో దగ్గరగా గీసిన చోట జుట్టు తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు, కొన్నిటికి అసలు సరిగా రాదు. వచ్చినా అతుకు వేసినట్టుంటుంది.

ఇక అన్నిటికంటే పెద్ద సంగతి. కుక్క నొప్పిని మీ బటన్‌తో ముడిపెట్టదు, ఆ క్షణంలో తను చూస్తున్నదానితో ముడిపెడుతుంది. ముత్యం ఆ పడవల దగ్గరి కుక్కల్ని చూస్తూ పరిగెడుతున్నప్పుడు మీరు నొక్కారనుకోండి, దానికి తెలిసేది "ఆ కుక్కల్ని చూస్తే మెడ నొప్పి పుడుతుంది" అని. మళ్లీసారి ఇంకా దూరం నుంచే, ఇంకా కోపంగా అరుస్తుంది. లేదా భయంతో ఎటో ఒకవైపు పరుగు తీస్తుంది. ఆ ఎటో రోడ్డే కావచ్చు. అది వీధి కుక్కల మీదికి వెళ్లడం ధైర్యంతో కాదమ్మా. చాలా చిన్న కుక్కల్లో అది భయమే. అవి దగ్గరికి రాకముందే తనే తరిమేయాలని. భయపడేదానికి నొప్పి పెడితే భయం పోదు.

మరైతే ఏం చేయాలి? మెడ బెల్టు ఇవాళే తీసేసి పేరూ ఫోన్ నంబరూ ఉన్న తేలికపాటి పట్టీ ఒకటి మాత్రం ఉంచండి. పగ్గం హార్నెస్‌కి, అంటే ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలకి, తగిలించండి. చిన్న కుక్కలు వెనక్కి నడుస్తూ హార్నెస్ కూడా విదిలించుకుంటాయి, కాబట్టి పొట్ట దగ్గర రెండో పట్టీ ఉన్నది కొనండి. ముందరి కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత టేపుతో కొలుచుకుని వెళ్లండి. "పామ్ సైజు" అని అడిగితే షాపులో తప్పుది ఇస్తారు. మన దగ్గర పామ్ పేరుతో ఉన్నవాటిలో చాలా ఇండియన్ స్పిట్జ్‌లే, అవి అయిదారు కిలోలు ఉంటాయి.

పిలిస్తే రావడం బీచ్‌లో మొదలుపెట్టకండి. హాల్లో, తర్వాత మేడ మీద, తర్వాత వీధిలో జనం లేని వేళ. పేరు పిలిచి, తల తిప్పగానే నోట్లో ముక్క. ముక్క పెసరగింజంత చాలు. దీని బరువుకి రోజు మొత్తం తిండే కొంచెం, అందులో పదో వంతు దాటకూడదు ఈ ముక్కలు. ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడికించిన కోడి, లేదా పచ్చి నెత్తళ్లు తెచ్చి తలా ముల్లూ తీసి ఆవిరి మీద ఉడికించింది. ఎండు నెత్తళ్లు వద్దు, ఆ ఉప్పు దీనికి చాలా ఎక్కువ. నెత్తళ్ల వాసనకి తల తిప్పని కుక్కని నేనింకా చూడలేదు. ఎప్పుడు పిలిచినా ఏదో ఒకటి దొరకాలి. తిట్టడానికి, స్నానానికి, ఇంటికి తీసుకుపోవడానికి మాత్రమే "రా" అంటే ఆ మాట చచ్చిపోతుంది.

పశువైద్యం, గాజువాక

గ్రూమర్ గారు చెప్పినదానికి వైద్యపరంగా కొంత కలుపుతాను.

పామరేనియన్, యార్కీ, చివావా, పగ్ వంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం కుంచించుకుపోయే జబ్బు తరచుగా చూస్తాం. ఆ గొట్టాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి కట్లు మెత్తబడి లోపలికి వాలిపోతాయి. ఉద్రేకపడినప్పుడు, నీళ్లు తాగినప్పుడు, బెల్టు లాగినప్పుడు బాతు అరిచినట్టు పొడి దగ్గు వస్తుంది. వేడి, ఊబకాయం దాన్ని ఇంకా పెంచుతాయి. ఇలాంటి కుక్క మెడ మీద బెల్టు ఏదైనా సరే హాని చేస్తుంది, పిన్నులున్నది మరీను. మీ ముత్యానికి అలాంటి దగ్గు ఉందేమో గమనించండి. ఉంటే ఎక్స్‌రే తీయించండి. వయసు పైబడిన చిన్న కుక్కల్లో గుండె కవాటం జబ్బు కూడా ఎక్కువ. మూర్ఛలు వచ్చే కుక్కలకీ, గుండె జబ్బున్నవాటికీ షాక్ కాలర్ పూర్తిగా నిషిద్ధం అనే మేము చెబుతాం.

పిలిస్తే రావడం నేర్పడానికే కాలర్ ఎక్కువగా వాడతారు కదా. ఇంగ్లాండులోని లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సరిగ్గా దాన్నే పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. కాలర్‌లో అనుభవమున్న ట్రైనర్లు నేర్పిన కుక్కలు, తిండితో నేర్చుకున్న కుక్కల కంటే మెరుగుపడింది లేదు. ఒత్తిడి లక్షణాలు మాత్రం వాటిలో ఎక్కువ కనిపించాయి. వేల్స్‌లో 2010 నుంచి ఈ కాలర్ల వాడకం చట్టవిరుద్ధం. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో అన్ని శిక్షణలకీ బహుమతి పద్ధతినే సూచించింది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం అనవసరమైన నొప్పి కలిగించడాన్ని నేరంగానే చూస్తుంది.

మధురవాడ వారు తమ బీగిల్‌కి జాగ్రత్తగా వాడారని వారి మాటల్లో తెలుస్తోంది. అయినా 12 కిలోల కుక్క అనుభవాన్ని 2.4 కిలోల కుక్కకి అన్వయించలేం.

జోడుగుళ్లపాలెం

అమ్మా, మాది ఆ పడవల కాడే. మీరు కాలరు సంగతి అడిగినారు, దాని గురించి నాకు తెల్దు గానీ ఆ కుక్కల సంగతి నాకు బాగా తెల్సు. తెల్లారగట్ల పడవలొచ్చి వల దులిపే ఏలకి అవన్నీ చేపల కోసం కాసుకోని ఉంటాయి. అప్పుడు మనిషెళ్లినా గుర్రుమంటాయి, కుక్కొస్తే ఊరుకుంటాయేటి? చేపలమ్ముకోని అందరూ ఎళ్లిపోయాక అవే కుక్కలు ఇసకలో పడి తొంగుంటాయి, పక్కనుంచెళ్లినా లెగవు. మీరు ఆ ఏల తప్పించి రండి. లేదంటే అటుకాకుండా తెన్నేటి పార్కు కాసి నడిపించండి. పిల్ల మీద ఏదైనా దూకితే మాత్రం కింద ఒగ్గీకండి, అలగని ఎత్తుకోని పరిగెట్టొద్దు. ఆగి, "హే" అని గట్టిగా అదిలిస్తే అవే ఎనక్కెళ్తాయి. మేవంతా అలగే సేస్తాం.

ముత్యం వాళ్లమ్మ, లాసన్స్ బే కాలనీ

అందరికీ చేతులెత్తి నమస్కారం. జోడుగుళ్లపాలెం అన్నయ్యగారూ, మేం సరిగ్గా వల దులిపే వేళకే వస్తున్నాం. నాకు ఈ సంగతే తట్టలేదు. రేపటి నుంచి వేళ మారుస్తాను.

డాక్టర్ గారూ, దగ్గు ఉంది. లిఫ్టు దగ్గర బాగా అరిచాక రెండు మూడుసార్లు అలాగే దగ్గుతుంది, నేను అరిచి గొంతు పట్టిందనుకుంటున్నాను. ఈ వారమే చూపిస్తాను.

షాక్ సంగతి మర్చిపోయాను, అన్నయ్యకీ చెప్పాను. కానీ గ్రూమర్ గారిని ఒకటి అడగాలి. పిన్నులు ఊడదీసి ఉత్త వైబ్రేషన్ ఒక్కటే లిఫ్టు అరుపులకి వాడొచ్చా? అందులో నొప్పి లేదు కదా. ఇంకోటి, మధురవాడ వారు పొడుగు తాడు అన్నారు, దీనికి ఎంత పొడుగు, దేనికి తగిలించాలి?

సీతమ్మధార గ్రూమర్

లిఫ్టు అరుపులకి వైబ్రేషన్ వద్దమ్మా. అందరూ షాక్‌కీ బీప్‌కీ మధ్యలో మెత్తటిది అనుకుంటారు. కానీ ఆ మోటారు పెద్ద కుక్కకి తెలిసేలా చేసింది. మీ అరచేతిలో పెట్టుకుని నొక్కి చూడండి, తర్వాత మీ గొంతు మీద ఆనించి నొక్కండి. ముత్యం మెడ ఎముకల దాకా అదురుతుంది. సన్నటి షాక్‌కి చెవి మాత్రమే కదిపి, వైబ్రేషన్‌కి మాత్రం సోఫా కిందికి దూరి వణికిన కుక్కలున్నాయి. లిఫ్టు చప్పుడుకి ఇప్పటికే ఉలిక్కిపడుతోంది. చప్పుడు రాగానే మెడ కూడా అదిరితే దాని ఉద్దేశంలో లిఫ్టు నిజంగానే శత్రువవుతుంది.

వైబ్రేషన్‌కి ఒక మంచి ఉపయోగం ఉంది, అది మా ఇంట్లోనే ఉంది కాబట్టి చెబుతున్నాను. మా ముసలి స్పిట్జ్‌కి చెవులు పూర్తిగా పోయాయి. షాక్ అసలే లేని, ఉత్త వైబ్రేషన్ మాత్రమే ఉన్న చిన్న యంత్రం కొని, మెడకి కాకుండా హార్నెస్ వీపు పట్టీకి కుట్టించాను. ముందు దాన్ని నేల మీద పెట్టి మోగించి ముక్క ఇచ్చేదాన్ని, తర్వాత వీపు మీద అతి సన్నగా. ఇప్పుడు అది మోగితే మా ముసల్ది తోకూపుకుంటూ నన్ను వెతుక్కుంటూ వస్తుంది, ఎందుకంటే దానికి అది "అమ్మ పిలుస్తోంది" అన్నట్టే. చెవిటి కుక్కలున్నవాళ్లకి ఇది నిజంగా వరం. ముత్యానికి చెవులు బంగారంలా పనిచేస్తున్నాయి, దానికి మీ గొంతు చాలు.

లిఫ్టు పని ఓపిక అడుగుతుంది గానీ కష్టం కాదు. లిఫ్టు ఆగే చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకోండి. అది తిండి తినే వేళ, వినీ వినబడనంత సన్నగా పెట్టండి. చెవులు నిక్కబొడుచుకోకుండా తింటూ ఉంటే మరునాడు ఇసుమంత పెంచండి. తినడం ఆపేసి తలుపు వైపు చూసిందంటే పెంచింది ఎక్కువ, వెనక్కి రండి. ఈలోగా దాని పరుపు గుమ్మం దగ్గర నుంచి లోపలి గదికి మార్చండి. తలుపు కింద సందు ఉంటే గుడ్డ చుట్టి మూయండి, మనుషుల కాళ్ల నీడలు కూడా వాటిని రేపుతాయి. డెలివరీ అబ్బాయిలు బెల్లు కొట్టకుండా ఫోన్ చేసేలా వాచ్‌మన్‌కి చెప్పండి. అరిచినప్పుడు మనం కేకలేస్తే అది మనమూ దానితో కలిసి అరుస్తున్నామనుకుంటుంది. అరవనివ్వకుండా ముందే పిలిచి పని చెప్పాలి. "చాప మీదికి" అని ఒక చోటు నేర్పండి. లిఫ్టు ఆగితే చాప మీదికి వెళ్తే నెత్తళ్లు. చిన్న కుక్కలు ఇలాంటివి భలే పట్టేస్తాయి.

ఎదురింటి వాళ్లకి మీరు ఏం చేస్తున్నారో చెప్పి, పెద్దాయన పడుకునే వేళలు అడిగి ఉంచుకోండి. అసోసియేషన్ వాళ్లు ఎప్పుడైనా కుక్కని తీసేయమంటే భయపడకండి. అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా ఆ కాగితం చూపించే అవసరం రాకుండా పొరుగువాళ్లతో మాట్లాడుకోవడమే మేలు, ముఖ్యంగా జబ్బు మనిషి ఉన్న ఇంటితో.

పొడుగు తాడు అయిదు మీటర్లది చాలు మొదట్లో. పెద్ద కుక్కల తాడు కొనకండి, ఆ కొక్కెమే దీని తలంత ఉంటుంది. సన్నటి నైలాన్ పట్టీ, చివర వీలైనంత చిన్న కొక్కెం. నూలు తాడు సముద్రపు తడికి బరువెక్కుతుంది. హార్నెస్ వీపు మీద రింగుకే తగిలించండి, మెడ వైపు రింగుకి వద్దు. పిడిలో చుట్టుకుని సాగే రకం లీషులు దీనికి అసలొద్దు. చివరిదాకా పరిగెత్తి ఒక్కసారిగా ఆగితే 2.4 కిలోల ఒళ్లు గాల్లోకి లేస్తుంది, పిడి చేజారితే అది వెనకాల గలగలమంటూ తరుముతుంటే కుక్క ఆగకుండా పారిపోతుంది. తాడు చేతికి చుట్టుకోకుండా మడతలు పెట్టి పట్టుకోండి. వదులుగా నేల మీద పారనిచ్చి, కుక్కలు కనబడగానే లాగకండి. ముందు పేరు పిలవండి, మీరు నాలుగడుగులు వెనక్కి నడవండి. మీరు దూరమవుతుంటే అది మీ వైపు తిరుగుతుంది. తిరిగిన క్షణమే ముక్క.

ఎక్స్‌రే అయ్యాక హార్నెస్ కొనే ముందు ఒకసారి షాపుకి తీసుకురండి, డబ్బులేం అక్కర్లేదు. మెడ, చంకల కింద చర్మం చూసి, ఛాతీ కొలిచి పంపిస్తాను. ఆ దగ్గు తేలేదాకా మెడకి పేరు పట్టీ కూడా వద్దు, ఆ నంబరు హార్నెస్ మీదే కుట్టించేయండి.